సొమ్మొకడిది, సోకొకడిది: పొరపాటున పడ్డ మా 68,000 ఖర్చు పెట్టేశాడు, ఎలా రాబట్టాలి?

పెన్నాగట్టు
పోయిన నెల మా బాబాయికి నాట్ల ఖర్చులకని 68,000 యూపీఐలో పంపాను. నారు ముదిరిపోతోంది, దమ్ము చేసిన ట్రాక్టరు వాళ్లకీ కూలీలకీ ఇవ్వాలి, నేనేమో బెంగళూరులో. బాబాయి కొత్త నంబరు ఫోన్లో చెప్తుంటే రాసుకున్నా. చివరి అంకె 6. నేను 9 కొట్టా. పేరు వెంకటేశ్వర్లు అని చూపించింది. మా బాబాయి పేరూ వెంకటేశ్వర్లే. మా నెల్లూరు వైపు ఆ పేరు పెట్టి కేకేస్తే వీధిలో నలుగురు పలుకుతారు. ఇంటిపేరు అక్షరం చూసుకోలేదు, అది నా తప్పే.

సాయంత్రానికి బాబాయి ఫోన్ చేసి ఇంకా పడలేదురా అన్నాడు. అప్పుడు చూసుకుంటే గుండె జారిపోయింది. ఆ రాత్రే యాప్‌లో కంప్లైంటు పెట్టా, పొద్దున్నే బ్యాంకుకి పొయ్యా. ఆరో రోజున అవతలి బ్యాంకు వాళ్లు ఆ మనిషికి ఫోన్ చేశారు. ఆయన దాచిపెట్టలేదు. "పడ్డ మాట నిజమే సార్, ఖర్చయిపోయినాయి, దేవుడిచ్చాడనుకున్నా" అన్నాడంట. కొడుక్కి 24,000 పెట్టి ఫోను, కారు మాట్లాడుకుని కుటుంబమంతా తిరుపతి, హుండీలో 5,000, ఇంటి ముందు గోడకి రంగులు, మిగతాది చేబదుళ్లకి.

ఆరు రోజుల్లో! మా బాబాయి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నాట్లు వేయించాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? అసలు ఎవరి డబ్బో తెలియకుండా మనిషికి ఎట్లా చేతులొస్తాయి?

గోదారి గాలి
1930కి ఫోన్ చెయ్యండి వెంటనే.

గోంగూర పచ్చడి
హుండీలో 5,000 కూడానా! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. స్వామి లెక్కలు పక్కాగా ఉంటాయి లెండి, పుణ్యం మీ బాబాయి ఖాతాలోనే రాసి ఉంటాడు.

క్యాష్ కౌంటర్
1930 దీనికి కాదు గోదారి గాలి గారూ. అది సైబర్ మోసాలకి. ఇక్కడ ఎవరూ మోసం చేసి లాక్కోలేదు, పంపిన మనిషే తప్పు నంబరుకి పంపాడు. అక్కడ కూర్చుంటే రోజులు పోతాయి.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. పొరపాటు బ్యాంకుదైతే బ్యాంకు తన ఎంట్రీని తానే వెనక్కి తిప్పుకోగలదు. పొరపాటు మీదైతే అవతలి ఖాతాదారు ఒప్పుకోకుండా ఆయన ఖాతాలోంచి ఒక్క రూపాయి తీసే అధికారం బ్యాంకుకి లేదు. ఆయన పేరు, ఊరు కూడా మీకు చెప్పకూడదు. మేనేజరు మీకు అంత వివరం చెప్పాడంటే మంచితనమే అనుకోండి. యాప్‌లో పెట్టిన కంప్లైంటు నంబరు, మీ బ్యాంకుకి రాసిచ్చిన కాగితం మీద స్టాంపు వేసిన కాపీ దాచుకోండి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వాళ్ల సైట్లో కూడా ఒకటి పెట్టండి. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు, పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆయన చూసేది బ్యాంకు నిర్లక్ష్యం చేసిందా లేదా అన్నంతవరకే. డబ్బు తిన్న మనిషి జోలికి ఆయన రాడు.

ఇంకో మాట. యూపీఐలో పేరు కనపడుతుంది కాబట్టి మీకు ఒక అవకాశం ఉండింది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో అదీ ఉండేది కాదు, అకౌంటు నంబరే ప్రమాణం. అందుకే పంపేముందు పేరు చూపించే ఏర్పాటు చెయ్యమని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. ఇకమీదట ఎవరైనా సరే, కొత్త నంబరైతే ముందు ఒక్క రూపాయి పంపి, అవతల మనిషి నోటితో "పడింది" అన్నాకే మిగతాది పంపండి.

మామూలు మనిషి
అందరూ ఆయన్ని దొంగ అంటున్నారు, నాకు మింగుడు పడట్లేదు. పల్లెటూళ్లో ఖాతాలోకి డబ్బు ఎలా వస్తుందో ఒకసారి ఆలోచించండి. రైతు డబ్బులు, గ్యాసు సబ్సిడీ, పిల్లల చదువు డబ్బులు, పంట నష్టం, ఉపాధి కూలీ. ఎప్పుడు పడతాయో తెలీదు, ఎంత పడతాయో తెలీదు. మెసేజి ఇంగ్లీషులో వస్తుంది. నాలుగేళ్ల కిందటి పంట నష్టం ఇప్పుడు పడ్డా ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి చోట 68,000 పడితే ఏదో పథకం అనుకోవడం అంత నేరమా? పంపినాయనకి చదువుంది, పేరు పూర్తిగా చూసుకోవాల్సింది. బరువంతా అవతలి మనిషి మీద వేస్తే ఎలా?

పెన్నాగట్టు
నా తప్పు ఒప్పుకున్నా కదన్నా. కానీ ఏ పథకమైనా ఒక పేరుండాలి కదా. ఊళ్లో ఇంకొకరికి పడి ఉండాలి కదా. పక్కింటాయన్ని "నీకూ పడినాయా" అని అడగడానికి ఎంతసేపు?

ఓరుగల్లు వాకిలి
గిట్లాంటిదే మా దగ్గర 2022 ఏప్రిల్‌ల అయ్యింది, యాదికుందా? దళితబంధు పైసలు మనిషికి పది లక్షల చొప్పున హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు దవఖానల పనిచేసే పదిహేను మంది జీతం ఖాతాలల్ల పడ్డయ్. బ్యాంకోళ్ల పొరపాటు. మొత్తం కోటిన్నర. పద్నాలుగు మంది మారుమాట లేకుండ వాపస్ ఇచ్చిన్రు. ఒక్కాయన మాత్రం సెంట్రల్ గవర్నమెంటు స్కీమనుకొని కొన్ని పైసలు తీసి అప్పులు కట్టుకుండు. ఇగ పోలీస్ కేసు.

మామూలు మనిషి అన్నా, నువ్వన్నది నిజమే, ఆయన గట్లనే అనుకొని ఉండొచ్చు. గానీ ఒక్కతీరు పదిహేను మందికి పడితే పద్నాలుగు మందికి సమజయ్యింది గదా.

గోంగూర పచ్చడి
2021లో బీహార్‌లో ఖగడియా జిల్లాలో ఒకాయన ఖాతాలో గ్రామీణ బ్యాంకు పొరపాటున అయిదున్నర లక్షలు వేసింది. బ్యాంకు అడిగితే "ప్రధానమంత్రి ఇస్తానన్న పదిహేను లక్షల్లో మొదటి వాయిదా అనుకున్నా, ఖర్చు పెట్టేశా" అన్నాడు. అరెస్టు చేశారు.

ఒహాయో వెంకట్
చదువు లేకపోవడం, పేదరికం కారణం అనుకోకండి. ఇక్కడ మా పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో 2019లో ఒక జంట ఖాతాలో బ్యాంకు తప్పుగా సుమారు 1,20,000 డాలర్లు వేసింది. రెండున్నర వారాల్లో కారు, క్యాంపర్ బండి కొన్నారు, కష్టంలో ఉన్న స్నేహితులకి 15,000 డాలర్లు ఇచ్చారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లే, బ్యాంకు మెసేజి చదవగలిగినవాళ్లే. ఆస్ట్రేలియాలో ఇంకో కేసు, 2021లో వంద డాలర్లు తిరిగివ్వాల్సిన కంపెనీ కోటి అయిదు లక్షల డాలర్లు పంపింది. అది ఏడు నెలల తర్వాత ఆడిట్‌లో గానీ బయటపడలేదు. ఈలోపు ఇల్లు కొనేశారు.

మల్లెతీగ
తప్పు నంబరు వల్ల పోతే కనీసం అవతల మనిషి పరాయివాడు. నమ్మి చేతిలో పెట్టిన డబ్బు మాటేమిటి? మా అమ్మ సంగతి చెప్తాను, కాస్త పెద్దదే.

అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘంలో లీడరు కాక పదకొండు మంది. బ్యాంకు లోను తీసుకున్నారు, నెలనెలా తలా 2,400 కట్టాలి. లీడరు అందరి దగ్గరా వసూలు చేసి బ్యాంకులో కట్టేది. మా ఇంటి వెనక సందులోనే ఉంటుంది, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ప్రతి నెలా ఆరో తారీకు సాయంత్రం చిన్న పుస్తకం మీద నీలం పెన్నుతో అంకె వేసి సంతకం పెట్టి ఇచ్చేది. అమ్మ ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద దేవుడి పటం వెనక పెట్టేది. అంత భద్రం.

ఏడు నెలలు ఆవిడ ఒక్క రూపాయి బ్యాంకులో కట్టలేదు.

మధ్యలో వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్ చేసింది. ఏసీ హాలు, డ్రోన్ కెమెరా, గులాబీ రేకులు చల్లే మిషను, నాలుగు వందల మందికి భోజనాలు. మా అమ్మ జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ పట్టుకుని వెళ్లి 516 చదివించి వచ్చింది. ఇంటికొచ్చి "ఎంత బాగా చేసిందే, పిల్ల లక్ష్మీదేవిలా ఉంది" అని మురిసిపోయింది. తన డబ్బుతో చేసిన భోజనం తిని, పైన 516 చదివించి వచ్చింది మా అమ్మ.

బ్యాంకు నుంచి నోటీసు వచ్చినరోజు పదకొండు మందీ పుస్తకాలు పట్టుకుని వెళ్లారు. పుస్తకాల్లో అన్ని నెలలూ కట్టినట్టే ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఖాళీ. తలా 16,800, మొత్తం 1,84,800. సంఘం అప్పుకి అందరూ కలిసి బాధ్యులు కాబట్టి బ్యాంకు "లీడరు సంగతి మాకెందుకు, మీ సంఘం బాకీ" అంది. సున్నా వడ్డీ రావాలంటే వాయిదాలు సక్రమంగా కట్టి ఉండాలి, అదీ పోయింది.

ఓరుగల్లు వాకిలి
అయ్యో. ఆమె ఏమన్నది మరి?

మల్లెతీగ
"వచ్చే నెల సర్దుదామనుకున్నా" అంది. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. దొంగతనం చెయ్యాలని అనుకోలేదట. మొదటి నెల ఒక్కటే వాడుకుందట, హాలుకి అడ్వాన్సు ఇవ్వడానికి. రెండో నెలకి మొదటి నెలదీ కలిపి కట్టలేక అదీ వాడేసింది. అలా ఏడు. ఫంక్షన్‌కి చదివింపులు వస్తే కట్టేద్దామనుకుంది, చదివింపులు వంటవాళ్లకే సరిపోలేదు.

గాజులు, గొలుసు అమ్మి సగం కట్టింది. మిగతా సగం పదకొండు మందీ రెండోసారి కట్టారు. ఆ అమ్మాయి నా కంటే మూడేళ్లు చిన్న. ఇప్పుడు వీధిలో ఎదురైతే తల దించుకుని వెళ్లిపోతుంది. దానిదేం తప్పు?

గోదారి గాలి
మా ఊళ్లోనూ సరిగ్గా ఇదే. మాది అయ్యప్ప పడిపూజ చందా డబ్బు. పేర్లు వద్దులెండి.

మామూలు మనిషి
మల్లెతీగ గారూ, మీరు చెప్పిన దాన్ని నేను సమర్థించట్లేదు. అది నమ్మకద్రోహమే. కానీ దాన్నీ, నంబరు తప్పు వల్ల పడ్డ డబ్బునీ ఒకే గాటన కట్టకూడదు.

మల్లెతీగ
ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఖర్చు చూడండి. డ్రోన్ కెమెరా, 24,000 ఫోను, గోడకి రంగు. ఎవరైనా పిల్లల ఫీజు కట్టారా? చూరు కారుతున్న చోట రేకు వేయించుకున్నారా? చెమటోడ్చిన డబ్బయితే పది రూపాయలకి పదిసార్లు ఆలోచిస్తాం. పరాయి డబ్బు అనేసరికి నలుగురికీ కనపడేదానికే పెడతారు.

సీమ బిడ్డ
అక్క చెప్పింది నూటికి నూరు శాతం నిజం. మా ఇంటి కథ వినండి.

మాది అనంతపురం వైపు. కాలువ కింద మా జేజినాయన భూమి నాలుగెకరాలు పోయింది. జేజినాయన చచ్చిపోయి పదేండ్లు, పాసుబుక్కు పెద్దనాయన పేర ఉండాది. మా నాయన, చిన్నాయన ఆ మాట ఎప్పుడూ పట్టించుకోలే, అన్నదమ్ములే కదా అని. పరిహారం మొత్తం పెద్దనాయన అకౌంట్లో పడింది. మూడు వాటాలు కావాల.

పెద్దనాయన ఏం చేసినాడంటే, బొలెరో కొన్నాడు. వెనక అద్దం మీద జేజినాయన ఫోటో స్టిక్కరు, కింద "నాయన ఆశీస్సులతో" అని. ఆ మాట చదివినప్పుడల్లా మా నాయనకి కండ్లలో నీళ్లు తిరిగేవి. నిజంగా నాయన ఆశీస్సులే, ముగ్గురికీ రావాల్సినవి. తర్వాత సర్పంచి ఎలక్షన్ల నిలబడినాడు. ఊరంతా బిర్యానీ, మందు. నూరు ఓట్లతో ఓడిపోయినాడు.

ఇప్పుడు ఆ బొలెరో యాపచెట్టు కింద ఉండాది. డీజిలు కొట్టిచ్చేకి దుడ్లు లేవు. ముందు టైరు రెండేండ్ల కిందట కుంగిపోయింది. మొన్న పండక్కి పోతే డ్రైవర్ సీటు కింద మా పెద్దమ్మ కోడి పొదిగేసి ఉండాది, పదకొండు గుడ్లు. మా నాయన దాన్ని చూసి ఏం మాట్లాడలే. లోపలికి పోయి కొన్ని నూకలు తెచ్చి కోడికేసినాడు.

గోంగూర పచ్చడి
ఇది చదివి నాకు జోకు రావట్లేదు.

పెన్నాగట్టు
సీమ బిడ్డా, కేసు వెయ్యలేదా?

సీమ బిడ్డ
యాడ వేసేది అన్నా. వేసినా యాపచెట్టు కింద బండి తప్ప రాబట్టుకునేకి ఏముంది? మా నాయన వద్దంటే వద్దన్నాడు. చిన్నాయన మాత్రం ఆ గడప తొక్కడు. పెద్దమ్మకి జ్వరమొస్తే కూడా పోలే.

నల్లకోటు
పెన్నాగట్టు గారి ప్రశ్నకి వద్దాం, అందరి కథలూ వింటూ ఆయన్ని మర్చిపోయాం.

పొరపాటున ఇచ్చిన డబ్బు పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను స్పష్టంగా చెప్తోంది. "ఖర్చయిపోయింది" అనేది జవాబు కాదు. "పంపినవాడు చూసుకోవాల్సింది" అనేది అంతకన్నా కాదు. మూడేళ్లలోపు సివిల్ దావా వేసుకోవచ్చు.

క్రిమినల్ సంగతి. పాత ఐపీసీలో 403, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314. పరాయి సొత్తుని దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడం. ఆరు నెలలకి తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే ఇది నాన్‌కాగ్నిజబుల్ కాబట్టి మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు. స్టేషనుకి వెళ్తే ఎస్సైగారు కోర్టుకి పొమ్మంటే అది మీమీద కోపం కాదు. మల్లెతీగ గారి లీడరుది వేరే, అది 316, నమ్మి అప్పగించిన సొత్తు తినడం. దానికి అయిదేళ్ల దాకా ఉంది.

మామూలు మనిషి గారు లేవనెత్తిన విషయానికి చట్టంలోనే జవాబుంది. 403 కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణే అది. తనదే అనుకుని నిజాయితీగా తీసుకున్నవాడు నేరస్థుడు కాడు. తనది కాదని తెలిశాక కూడా అట్టిపెట్టుకుంటే అప్పుడు నేరస్థుడు. కాబట్టి ఆ మొదటి ఆరు రోజుల సంగతి ఆయన మనస్సాక్షికి వదిలేద్దాం. బ్యాంకు ఫోన్ చేసిన నిమిషం నుంచి ఆయనకి తప్పించుకునే దారి లేదు.

నా సలహా అడిగితే దావాకన్నా ముందు లోక్ అదాలత్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్, అంటే కేసు వెయ్యకముందే రాజీ కింద ఒక దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆయన్ని పిలిపిస్తారు. వాయిదాల్లో కడతానని ఒప్పుకుని సంతకం పెడితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

ఓరుగల్లు వాకిలి
మంచిగ చెప్పినవ్ సార్. గిదంత తెల్వక మస్తుమంది ఊకుంటరు.

మామూలు మనిషి
బ్యాంకు ఫోన్ వచ్చాక అట్టిపెట్టుకుంటే తప్పే. అక్కడ నాకూ వాదన లేదు.

క్యాష్ కౌంటర్
తిరిగిచ్చినవాళ్లూ ఉన్నారు, ఆ మాటా రాయాలి కదా.

1999లో నేను కృష్ణా జిల్లాలో ఒక చిన్న బ్రాంచిలో క్యాషు చూసేవాణ్ణి. సంక్రాంతి ముందు రద్దీ. సాయంత్రం లెక్క చూస్తే 40,000 తక్కువ. వంద నోట్ల కట్ట ఇవ్వాల్సిన చోట అయిదొందల కట్ట ఇచ్చానన్నమాట. క్యాషు తగ్గితే క్యాషియరే కట్టుకోవాలి, అదీ ఆ రోజే. నా నెల జీతం ఎన్ని రెట్లో లెక్కేసుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. మేనేజరు, ఇంకో ఇద్దరు తలా కొంత వేసి లెక్క మూశారు. ఆ రాత్రి మా ఆవిడ నల్లపూసలు తప్ప అన్నీ తీసి మంచం మీద పెట్టింది.

పొద్దున తలుపులు తియ్యకముందే ఒక ముసలావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పింది. కట్ట మీద బ్యాంకు చీటీ కూడా చింపలేదు. "ఇంటికి పోయి చూస్తే నోట్లు వేరేగా ఉన్నాయి నాయనా, రాత్రి బస్సు లేకపోయింది, నిద్ర పట్టలా" అంది. గేదె అమ్మిన డబ్బు తీసుకోడానికి వచ్చిన మనిషి. పదివేలు లెక్కపెట్టి చేతిలో పెడితే మళ్లీ ఒకసారి నాచేతే లెక్కపెట్టించుకుంది. మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది.

పెన్నాగట్టు గారు మొదట అడిగారు, ఎవరి డబ్బో తెలియకుండా చేతులెట్లా వస్తాయని. ఆవిడకి రాత్రంతా నిద్ర పట్టలేదు. అంతకన్నా నాకు వేరే జవాబు తెలీదు.

గోంగూర పచ్చడి
మీ ఆవిడ గారికి నా నమస్కారాలు క్యాష్ కౌంటర్ గారూ. ఆ ముసలమ్మగారికి కూడా.

పెన్నాగట్టు
కొత్త కబురు. నల్లకోటు గారు చెప్పినట్టు దరఖాస్తు రాస్తుండగానే నిన్న రాత్రి ఒక ఫోను వచ్చింది. ఆడమనిషి. ఆయన భార్య. నంబరు బ్యాంకు మెసేజిలో ఉందంట.

"అన్నా, ఆ డబ్బులు మీవి అని నాకు నిన్ననే తెలిసింది. చీటీ పాట వచ్చిందని చెప్పినాడు. తిరుపతికి కూడా అందుకే పొయ్యాం. నేను మిషను కుడతాను, నెలకి నాలుగు వేలు పంపిస్తా, కోర్టు దాకా పోవద్దన్నా, పిల్లోడు టెన్త్" అంది. ఫోన్ తిరిగి అమ్ముదామని చూస్తే 11,000కి మించి ఎవరూ అడగట్లేదంట. నాకేం చెప్పాలో తోచలేదు. బాబాయికి చెప్పి ఫోన్ చేస్తానమ్మా అని పెట్టేశా. ఏం చెయ్యమంటారు? ఖర్చు పెట్టింది ఆయన, కట్టేది ఆమె.

గోదారి గాలి
తీసుకోండి. మీ బాబాయి వడ్డీ కడుతున్నాడు.

మల్లెతీగ
నాకు ఆ పిన్ని కూతురు గుర్తొస్తోంది. తీసుకోవద్దని అనను, మీ డబ్బు మీరు వదులుకోకూడదు. కానీ ఆవిడ ఒక్కదాని చేతే కట్టించుకుంటే ఆయనకి తెలిసిందేముంది? మిషను మీద ఎన్ని జాకెట్లు కుడితే నాలుగు వేలు వస్తాయో నాకు తెలుసు. ఆయన చేత సంతకం పెట్టించండి.

మామూలు మనిషి
మల్లెతీగ గారు చెప్పిందే నా మాట కూడా. నేను ఇంతసేపు వాదించింది ఆయన తరఫున. ఈ ఒక్క ఫోన్‌తో ఆయన తరఫున చెప్పడానికి నా దగ్గరేం మిగల్లేదు. పథకం డబ్బు అనుకున్నవాడు పెళ్లానికి చీటీ పాట అని అబద్ధం చెప్పడు.

సీమ బిడ్డ
అబ్బ, సరిగ్గా పట్టుకున్నావన్నా. అదే అసలు మాట.

నల్లకోటు
లోక్ అదాలత్ దరఖాస్తు ఆపకండి. ఆవిడ భయపడాల్సింది లేదని ముందు ఫోన్ చేసి చెప్పండి, అది జైలు వ్యవహారం కాదు, కేవలం ఒప్పందం. ఆయన పేరునే నోటీసు వెళ్తుంది, ఆయనే వచ్చి సంతకం పెట్టాలి. వాయిదా ఎంతో అక్కడే తేల్చుకోండి.

పెన్నాగట్టు
చాలా రోజులైంది, చెప్పాల్సింది చెప్పి వెళ్తా. లోక్ అదాలత్‌కి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మా బాబాయి కూడా వచ్చాడు. డబ్బు ఖర్చు పెట్టినాయన మనిషి బక్కపల్చగా, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఉన్నాడు. మా వైపు చూడలేదు. జడ్జిగారు అడిగితే "తెలుసు సార్, నాది కాదని రెండో రోజే తెలుసు, వీళ్ల నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు" అని ఒప్పుకున్నాడు. నేను ఆ రాత్రి పదకొండుసార్లు చేశాను ఆ నంబరుకి. అది విన్నప్పుడు నాకు వచ్చినంత కోపం ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు.

నెలకి 5,000, మొదటి విడత 11,000. ఫోన్ అమ్మేశారు. సంతకం ఆయనదే. తారీకు దాటితే కోర్టు.

బయటికొచ్చాక ఇద్దరు వెంకటేశ్వర్లూ టీ కొట్టు దగ్గర పక్కపక్కనే నిలబడ్డారు. బాబాయి ఆయన్ని అడిగింది ఒక్కటే, "మీకు సేద్యం ఉందా?" అని. కౌలుకి ఎకరంన్నర చేస్తానన్నాడు. "అయితే నారు ముదిరితే ఏమవుతుందో తెలుసు కదయ్యా" అన్నాడు బాబాయి. ఆయన టీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తాగలేదు.

మొదటి విడత కాక రెండు వాయిదాలు వచ్చినాయి. ఇంకా 47,000 రావాలి.

క్యాష్ కౌంటర్
వాయిదా వచ్చినప్పుడల్లా రసీదు రాసివ్వండి. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపినా చాలు.

పెన్నాగట్టు
ఇస్తున్నామండీ. బాబాయే రాసి నాకు పంపుతున్నాడు, నేను వాళ్లకి పంపుతున్నా. ఈసారి నంబరు రెండుసార్లు చూసుకుని.